పెద్ద చేపంటే ముసలి చేపేనా?

ప్రశ్న: యూరప్ తీరంలో దొరికే ప్లెయిస్ చేపలు ఒకే వలలో చిన్నవీ పెద్దవీ పడతాయి కదా, పెద్దవాటికే వయసెక్కువ అనుకోవచ్చా?

జవాబు: అలా అనుకోకండి. ఈ బల్లపరుపు చేపల్లో ఆడవి మగవాటికంటే బాగా పెద్దవవుతాయి, కాబట్టి ఆ చిన్నది ఎప్పుడో ఎదుగుదల మందగించిన ముసలి మగచేప కూడా కావచ్చు. సంగతి తేలాలంటే తల కోసి, లోపలి చెవిలో ఉండే ఓటోలిత్ అనే సున్నపు రాయిని తీయాలి. దాన్ని నల్లటి పళ్లెంలో నీళ్లలో వేసి, పైనుంచి లైటు పడేలా మైక్రోస్కోప్‌లో చూస్తే, జోరుగా పెరిగిన కాలం తెల్లటి పట్టీగా, ఎదుగుదల తగ్గిన కాలం సన్నటి నల్లటి పట్టీగా, చెట్టు మానులో వలయాల్లా కనిపిస్తాయి. రెండూ కలిస్తే ఒక ఏడాది. 1899లోనే రైబిష్ అనే శాస్త్రవేత్త ప్లెయిస్ వయసును ఇలా లెక్కపెట్టాడు. ఇంకో విచిత్రం, ఈ చేపకు రెండు కళ్లూ ఒకే వైపు ఉంటాయి, రాయి మాత్రం రెండు వైపులా ఒక్కోటి ఉంటుంది; కళ్లున్న వైపు రాయీ, కళ్లులేని వైపు రాయీ ఒకేలా ఉండవు, ఒకదానిలో కేంద్రం పక్కకి జరిగి ఉంటుంది, అందుకే ఏ వైపుది చూశారో తప్పకుండా రాసుకోవాలి. ముసలి చేపల్లో అంచు దగ్గర వలయాలు ఇరుక్కుపోతాయి, అప్పుడు రాయిని అడ్డంగా కోసి చూడటమే నయం. ఇలా తేలిన వయసును పొడవుతో కలిపి, ఆడవాటికీ మగవాటికీ విడివిడిగా గ్రాఫ్ గీస్తేనే ఎంత వేగంగా పెరుగుతున్నాయో తెలుస్తుంది.