ఊరివాళ్లు అటవీశాఖతో కలిసి అడవిని ఎందుకు కాపాడతారు?

కాపాడితే తమకేం దక్కుతుందో కళ్లకు కనబడాలి, అప్పుడే. పశ్చిమ బెంగాల్‌లోని అరబారిలో 1970ల్లో జరిగింది అదే. నరికేసిన గుగ్గిలం (సాల్) చెట్ల మోళ్ల మీద గొడ్డలి పడకుండా, పశువులు చిగుళ్లు మేయకుండా ఊళ్లు కాపలా కాశాయి. పాత వేళ్ల నుంచే అడవి మళ్లీ లేచింది. బదులుగా వాళ్లకు కూలిపని, వంటచెరకు, కలప అమ్మకంలో 25 శాతం వాటా.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో మొదలైన వనసంరక్షణ సమితులదీ (అటవీశాఖతో కలిసి అడవిని కాపాడే ఊరి సంఘాలు) ఇదే దారి. అయితే వాటా కాగితం మీద ఉంటే చాలదు. వెదురు కొట్టిన ఏడాదే డబ్బు చేతికందాలి. లేటైతే కాపలా తిరిగేవాళ్లు కూలికి పోతారు, వాళ్లనేం అనగలం? అందుకే 2006 అటవీహక్కుల చట్టం నాకు ముఖ్యం. అందులో సామూహిక అడవిని, అంటే ఊరంతా కలిసి వాడుకుంటూ వచ్చిన అడవిని, కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభ చేతికి వచ్చింది.