థండర్‌బర్డ్‌లో జీమెయిల్ పాస్‌వర్డ్ తీసుకోకపోవడం, సీ డ్రైవ్ నిండిపోవడం - సమాధానం

మిర్యాలగూడ అన్నా, మిల్లు ఆఫీసు సిస్టంలో జీమెయిల్ పాస్‌వర్డ్ కరెక్టే కొట్టినా థండర్‌బర్డ్ (మెయిల్స్ చూసే సాఫ్ట్‌వేర్) మళ్ళీ మళ్ళీ అడుగుతోందన్నారు, సీ డ్రైవ్ కూడా నిండిపోతోందన్నారు. తప్పు పాస్‌వర్డ్‌ది కాదు. మామూలు పాస్‌వర్డ్‌తో బయటి సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ ఇప్పుడు లోపలికి రానివ్వదు.

అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్ తెరవండి. పోర్ట్ 993, కనెక్షన్ సెక్యూరిటీ దగ్గర ఎస్‌ఎస్‌ఎల్, అథెంటికేషన్ దగ్గర ఓఆథ్2 (గూగుల్ సొంత పేజీలో లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టండి. మెయిల్స్ పంపే అవుట్‌గోయింగ్ సర్వర్ విడిగా అడుగున ఉంటుంది, చాలామంది దాన్ని మరిచిపోతారు. అందుకే మెయిల్స్ వస్తాయి, పోవు. అక్కడ కూడా ఓఆథ్2నే, పోర్ట్ 465. తర్వాత సేవ్డ్ పాస్‌వర్డ్స్‌లో పాత గూగుల్ ఎంట్రీలన్నీ తీసేసి, థండర్‌బర్డ్ మూసి తెరిస్తే గూగుల్ లాగిన్ పేజీ వస్తుంది. అది రాకపోయినా, తెల్లగా ఆగిపోయినా ప్రైవసీ సెట్టింగ్స్‌లో కుకీలు ఆపేసి ఉన్నాయేమో చూడండి.

ఇక డ్రైవ్ సంగతి. ఇన్‌బాక్స్‌లో ఉన్న మెయిలే జీమెయిల్ ‘ఆల్ మెయిల్’ ఫోల్డర్‌లో ఇంకో కాపీగా దిగుతుంది. అకౌంట్ మీద రైట్ క్లిక్ చేసి, సబ్‌స్క్రైబ్‌లో ఆ ఫోల్డర్ టిక్ తీసేయండి. సింక్రనైజేషన్‌లో గత 30 రోజులవే అని పెట్టండి. దాని కిందే పాత మెయిల్స్ డిలీట్ చేసే ఆప్షన్ ఒకటుంది, దాని జోలికి పోవద్దు. అది సర్వర్ మీదివి కూడా తుడిచేస్తుంది, జీఎస్టీ బిల్లులు పోతే మళ్ళీ దొరకవు. చివరగా ఫైల్ మెనూలో కాంపాక్ట్ ఫోల్డర్స్ నొక్కాలి, లేకపోతే తీసేసిన మెయిల్స్ జాగా ఖాళీ అవదు.

సిస్టం ఇంకా విండోస్ 7 అయితే థండర్‌బర్డ్ 115 వెర్షన్ దగ్గరే ఆగుతుంది.