ఆలుగడ్డలకు మొలకలు రాకుండా ఉండాలంటే కొనేటప్పుడే చూసుకోవాలి

ఐదు కిలోలు తెచ్చి స్టవ్ గట్టు కింద పెడితే పది రోజులకే మొలకలు వస్తున్నాయి, ఫ్రిజ్‌లో పెట్టొచ్చా అని ఒకరు అడిగారు. హైదరాబాద్‌లో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి బస్తాల లెక్కన తెచ్చుకుంటాం కాబట్టి ఈ టెన్షన్ మాకూ ఉండేదే.

ఫ్రిజ్ మాత్రం వద్దండి. చలికి గడ్డలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. వేపుడు చేస్తే ముక్క లోపల మగ్గేలోపే పైన నల్లబడుతుంది, తియ్యగానూ ఉంటుంది. కుర్మాలో అయితే మసాలా కాపాడుతుందనుకోండి.

అసలు కిటుకు కొనే దగ్గరే ఉంది. తవ్వాక సుమారు రెండు మూడు నెలలు ఆలుగడ్డ నిద్రలో ఉంటుంది, అంత తొందరగా మొలకెత్తదు. ఉత్తరాదిలో ప్రధాన పంట జనవరి–మార్చి మధ్య వస్తుంది. ఆ తర్వాత నవంబర్ దాకా మనకు దొరికేది చాలావరకు ఆగ్రా వైపు కోల్డ్ స్టోరేజీల సరుకే. అక్కడ 2–4 డిగ్రీల చలిలో ఆగిన మొలక, బయటి వేడి తగలగానే లేస్తుంది. అందుకే గడ్డ చేతిలోకి తీసుకుని దాని కళ్ల మీద, అంటే మొలక వచ్చే గుంటల మీద, బొటనవేలు ఆనించి చూడండి. గుండుసూది తలంత తెల్లటి బుడిపె తగిలితే దాని నిద్ర అయిపోయినట్టే, రెండు మూడు రోజుల్లో వండేట్టయితేనే కొనండి. గోటితో గీరితే తొక్క పొరలా లేస్తే అది కొత్త పంట. మొలక భయం లేదు కానీ తొక్క పల్చన, త్వరగా వడిలిపోతుంది.

ఇక దాచే చోటు. స్టవ్ కింద, ఫ్రిజ్ వెనకాల వేడిగా ఉంటుంది, అక్కడ్నుంచి తీసేయండి. ప్లాస్టిక్ కవర్‌లో ఉంటే చెమ్మ పడుతుంది. మట్టి కడక్కుండా గోనెసంచిలోనో వెదురు బుట్టలోనో పోసి, గాలి ఆడే చీకటి మూల పెట్టండి. వెలుతురు తగిలితే పచ్చబడతాయి. ఉల్లిగడ్డలు పక్కన వద్దు, ఆలుగడ్డ చెమ్మకి అవి కుళ్లుతాయి. వారానికోసారి బుట్ట కుమ్మరించి ఏరండి. ఒక్కటి కుళ్లి నీరు కారినా పక్కవాటికి అంటుకుంటుంది, ఆ కంపు వంటింట్లోంచి ఓ పట్టాన పోదు.

ఆపిల్ పెడితే మొలకలు రావంటారు. మేమూ పెట్టి చూశాం, మాకైతే తేడా కనిపించలేదు.

చిన్న మొలకొచ్చి గడ్డ గట్టిగా ఉంటే, కన్నుతో సహా లోతుగా తవ్వేసి వండుకోవచ్చు. బాగా పచ్చబడినా, ముడతలు పడి మెత్తబడినా, చేదు తగిలినా పారేయండి. అందులోని సొలనిన్ అనే విషం ఉడికించినా పోదు.

ఎండాకాలం, వానాకాలం మాత్రం ఐదు కిలోలు ఒకేసారి తేవద్దు. కిలోకి రెండు రూపాయలు ఎక్కువైనా వారానికి సరిపడా తెచ్చుకోవడమే లాభం.