సీయూఈటీకి ఎన్ని పేపర్లు: మేనకోడలికి ఉత్తరం

చి. సింధుకు, మామయ్య ఆశీస్సులు.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశ పరీక్ష సీయూఈటీకి నువ్వు పంపిన పేపర్ల జాబితా చూశాను. ఇంగ్లిష్, గణితం, ఫిజిక్స్, ఎకనామిక్స్, సంస్కృతం అని ఐదు రాశావు. దరఖాస్తులో ఐదు వరకు ఎంచుకోనిస్తున్నారు కాబట్టి ఐదూ నింపావని, ఆ వంకతో నీకు గిట్టని కెమిస్ట్రీని తప్పించావని అర్థమైంది. అయితే ఎన్ని పేపర్లు రాయాలన్నది ఆ పరిమితిని బట్టి తేల్చుకునే విషయం కాదమ్మా. 2023లో పది వరకు రాయనిచ్చారు, 2024లో ఆరుకు, 2025లో ఐదుకు తగ్గించారు. నువ్వు చేరాలనుకుంటున్న ఎకనామిక్స్ ఆనర్స్‌కు ఢిల్లీ విశ్వవిద్యాలయం అడిగేవి మాత్రం నాలుగే: ఒక భాష, గణితం, మరో రెండు సబ్జెక్టులు.

ఎకనామిక్స్ కోర్సులో చేరాలంటే ఎకనామిక్స్ పేపరు రాసి తీరాలని నీలాగే చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. పన్నెండో తరగతిలో, అంటే మన ఇంటర్‌లో, చదివిన సబ్జెక్టులనే సీయూఈటీలో రాయాలని ఢిల్లీ విశ్వవిద్యాలయం నియమం పెట్టుకుంది. పరీక్ష జరిపే ఎన్‌టీఏ మాత్రం ఇంటర్‌లో ఏం చదివావని అడగకుండా ఏ పేపరైనా రాయనిస్తుంది. పిల్లలు పొరబడేది అక్కడే. ఎంపీసీ చదివిన నువ్వు కొత్తగా పుస్తకాలు కొని, రెండు నెలలు కూర్చుని ఎకనామిక్స్ రాసినా, నీకు కావలసిన సీటుకు ఆ మార్కులు అక్కరకు రావు. ఇష్టం లేకపోయినా కెమిస్ట్రీ రెండేళ్లుగా ఎంసెట్ కోసం చదువుతూనే ఉన్నావు కదా, దాన్ని తిరిగి జాబితాలో చేర్చు.

సంస్కృతంలో మొదటి సంవత్సరం 98 వచ్చాయని సంబరపడుతున్నావు. ఇంటర్‌లో జవాబులు ఇంగ్లిష్‌లో రాసినా మార్కులు వేస్తారు కాబట్టి అన్ని వచ్చాయని నీకూ తెలుసు, నాకూ తెలుసు. సీయూఈటీ సంస్కృతానికి ఆధారం ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు, అంటే సీబీఎస్‌ఈ బడుల్లో చదివేవి. ఆ పుస్తకం తెరిచి, గైడు పక్కన పెట్టుకోకుండా రెండు పేజీలు చదివి చూస్తే, ఆ పేపరు ఉంచాలో తీసేయాలో నేను చెప్పనక్కరలేదు.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది గణితం గురించి. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఆ సబ్జెక్టే చెప్పాను కనుక కాస్త చాదస్తం ఉంటే భరించు. సీయూఈటీ గణితం ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి సిలబస్ మీద వస్తుంది. అందులో ఉన్న మాత్రికలు, సదిశలు, విలోమ త్రికోణమితి మనకు ఇంటర్ మొదటి ఏడాది గణితం 1ఏలో, అవకలనాలు, వాటి అనువర్తనాలు, త్రిపరిమాణ జ్యామితి 1బీలో అయిపోయాయి. సంభావ్యత రెండో ఏడాది 2ఏలో, సమాకలనం, అవకలన సమీకరణాలు 2బీలో ఉన్నాయి. అంటే ఇప్పుడు కాలేజీలో జరుగుతున్న పాఠాల మీదే ఆధారపడితే పేపరులో పెద్ద భాగం నువ్వు ఏడాది క్రితం మూసేసిన పుస్తకాల నుంచి వస్తుంది. లీనియర్ ప్రోగ్రామింగ్ అయితే మన సిలబస్‌లోనే లేదు. పేపరుకు యాభై ప్రశ్నలు, గంట సమయం. ప్రశ్నకు 72 సెకన్లు. 2025 నుంచి అన్నిటికీ జవాబు రాయవలసిందే, ఏరుకునే వీలు తీసేశారు. ఒప్పుకు ఐదు, తప్పుకు ఒకటి కోత. 1బీ మరచిపోయి కూర్చుంటే ఆ 72 సెకన్లు సూత్రం గుర్తు తెచ్చుకోవడానికే చాలవు.

2023లో నా దగ్గరికి సందేహాలు అడగడానికి వచ్చే ఒక అబ్బాయి ఏడు పేపర్లు పెట్టాడు. సోషియాలజీ, సైకాలజీ, మాస్ మీడియా పుస్తకాలు అతని బల్ల మీద మడత విప్పకుండా అలాగే ఉండేవి, కానీ వాటిని చదవలేదన్న బెంగ మాత్రం రోజూ ఉండేది. చివరికి బాగా రాయవలసిన గణితంలోనే దెబ్బతిన్నాడు. పేపరు పెంచితే అవకాశం పెరుగుతుందని అతనికి చెప్పినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఈ ఉత్తరం ఇంత పొడుగు కావడానికి అదీ ఒక కారణం.

ఐదోదిగా ఏదైనా పెట్టాలనుకుంటే, జనరల్ నాలెడ్జి, తర్కం, లెక్కలు అడిగే జనరల్ ఆప్టిట్యూడ్ టెస్ట్ పెట్టు. ఢిల్లీలోనే బిజినెస్ ఎకనామిక్స్ బీఏకు, మేనేజ్‌మెంట్ స్టడీస్‌కు భాష, గణితం, ఆ టెస్ట్ కలిపి మూడింటి మార్కులే చూస్తారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ అటూ ఇటూ అయినా ఆ దారి మిగులుతుంది. అయితే బిజినెస్ ఎకనామిక్స్‌లో సీటు వస్తే నిజంగా వెళ్తావా అని ముందు నిన్ను నువ్వు అడుగు; వెళ్లనంటే నాలుగుతో ఆపు. 2025లో జనరల్ కేటగిరీకి మూడు పేపర్ల వరకు వెయ్యి రూపాయలు, ఆపై ఒక్కో దానికి నాలుగు వందలు తీసుకున్నారు. నాలుగు వందలు పెద్ద లెక్క కాదు, దానికి పోయే పదిహేను రోజులే లెక్క. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, అక్కడే ఉన్న ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ కూడా సీయూఈటీ మార్కులే తీసుకుంటాయి గనుక, వాటిలో నీకు నచ్చిన కోర్సులు ఏ పేపర్లు అడుగుతున్నాయో ఈ ఏటి బులెటిన్‌లో చూసి, ఒక కాగితం మీద కోర్సు ఒకవైపు, పేపర్లు మరోవైపు రాసుకో. ఏ కోర్సు ఎదుటా కనబడని పేపరును కొట్టేయ్.

ఆ కాగితం పట్టుకుని ఆదివారం హనుమకొండ రా. వచ్చేటప్పుడు 1బీ పుస్తకం, నాలుగు గ్రాఫ్ కాగితాలు తెచ్చుకో. లీనియర్ ప్రోగ్రామింగ్ ఒక్క పూటలో పూర్తిచేద్దాం.

మీ మామయ్య