నోట్ల కట్ట, చెరువు కట్ట: రెండిట్లో ఉన్నది ఒకే మాటా?

అవును, రెండిట్లోనూ ఉన్నది ఒకే మాట. ‘కట్టు’ అనే క్రియ నుంచి వచ్చింది. కట్టడమంటే తాడుతో బిగించడం, మట్టితోనో రాతితోనో నిర్మించడం కూడా. బిగిస్తే వంద నోట్ల కట్ట, తోటకూర కట్ట. నిర్మిస్తే నీటిని ఆపే కట్ట.

భీమవరం వైపు చేపల చెరువు కట్ట మీదే సరుకు తూచి, రబ్బరు బ్యాండు వేసిన నోట్ల కట్ట చేతిలో పెడితే రెండర్థాలూ పక్కపక్కనే ఉన్నట్టు.

చాలామంది పొరబడేది 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర. ‘ఆనికట్’ అనే ఇంగ్లీషు మాటే మనకు ఆనకట్ట అయిందనుకుంటారు. కాదు, ఇంగ్లీషువాళ్లే దాన్ని తమిళ ‘అణైక్కట్టు’ నుంచి తీసుకున్నారు. అందులోని ‘కట్’ మన కట్టుకు తోబుట్టువే.