బెంగుళూరు చలిలో పిల్లల్ని బడికి పంపడం

చి. సౌ. అమ్మాయికి, బెంగుళూరు మల్లేశ్వరం నుంచి పిన్ని ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన మాటలు ఇంకా మనసులో తిరుగుతూనే ఉన్నాయి. పెద్దది దుప్పటి వదలదు, చిన్నవాడు బాత్రూం గుమ్మం పట్టుకుని ఏడుస్తాడు, సాక్సు ఒక్కటే దొరుకుతుంది, ఇంతలో కింద బస్సు హారన్. జూన్‌లో చక్కగా లేచిన పిల్లలే ఇప్పుడెందుకిలా చేస్తున్నారు, నాకే చేతకావడం లేదా అని బాధపడ్డావు. నీకు చేతకాకపోవడం కాదమ్మా, వాళ్లది బద్ధకమూ కాదు.

జూన్‌లో ఇక్కడ ఆరింటికి ముందే తెల్లవారుతుంది. జనవరి మధ్యకి వచ్చేసరికి సూర్యోదయం 6:45 దాకా జరుగుతుంది. మీ బస్సు మాత్రం ఏ కాలమైనా 7:10కే వస్తుంది. అప్పుడు ఎండ వచ్చిన గంట తర్వాత బస్సెక్కిన పిల్లలు, ఇప్పుడు చీకట్లోనే లేచి తయారవ్వాలి. ఈ ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి తెల్లవారుజామున 15, 16 డిగ్రీలు మామూలే, కొన్ని రోజులు ఇంకా తగ్గుతుంది కూడా. విజయవాడలో పుట్టి పెరిగిన పిల్లలకి ఇదే మొదటి చలికాలం. మనవైపు సంక్రాంతికి బళ్లకు వారం పైనే సెలవులిస్తారు, ఇక్కడ పండగ ఒక్కరోజే. కాబట్టి ఫిబ్రవరి దాకా ఇలాగే ఉంటుందనుకుని ఇప్పుడే ఇంటి పద్ధతి మార్చుకో.

అన్నిటికంటే ముందు మార్చాల్సింది స్నానం. పొద్దున్న స్నానం మానేసి సాయంత్రానికి మార్చెయ్. నీ ఇంట్లో గొడవలో సగం ఆ బాత్రూం గుమ్మం దగ్గరే జరుగుతోంది. సాయంత్రం ఆడుకుని వచ్చిన పిల్లలకి వేణ్ణీళ్లు పోస్తే మట్టీ చెమటా పరుపు మీదికి రావు, ఒళ్లు తేలికై నిద్ర కూడా బాగా పడుతుంది. స్నానం చెయ్యకుండా బడికేమిటని మీ అత్తగారు అంటారు, అనడం సహజమే. పొద్దున్న గోరువెచ్చని నీళ్లతో మొహం, చేతులు, కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, దేవుడికి దణ్ణం పెట్టించి పంపు. ఆవిడకు నేను చెప్పానని చెప్పు, కావాలంటే నేనే మాట్లాడతాను. తలంటు మాత్రం ఆదివారం పదకొండింటికి, ఎండలో జుట్టు ఆరేలా పెట్టుకో. బడి ఉన్న రోజు పొద్దున్న పెద్దదానికి తల తడపకు, తడిజుట్టు జడలో రోజంతా ఆరదు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మీ అపార్ట్‌మెంట్‌లో సోలార్ ఉందన్నావు. సాయంత్రమే స్నానాలైతే పగటి ఎండకు కాగిన నీళ్లు అప్పుడే అందుతాయి, అదీ ఒక లాభం. పొద్దున్న అయితే మేడ మీంచి వచ్చే పైపులో రాత్రంతా నిలిచిన చన్నీళ్లన్నీ పోతేగాని వేడినీళ్లు రావు, మబ్బు పట్టిన రోజున అవీ రావు. ఆ ముందు నీళ్లు పారబోయకు, బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి వాడు. 2024 వేసవిలో ఈ ఊరు నీళ్లకెంత అల్లాడిందో నేను చూశాను. బకెట్లో ఎప్పుడూ ముందు చన్నీళ్లు పట్టి తర్వాతే వేడినీళ్లు కలుపు, నీ మోచెయ్యి ముంచి చూశాకే పిల్లవాడి మీద పొయ్యి. ఎవరైనా గ్యాస్ గీజర్ పెట్టించుకోమంటే బాత్రూం లోపల మాత్రం వద్దు. గాలి ఆడని గదిలో అది మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు, లోపలున్న మనిషికి తెలియకుండానే ప్రాణం పోతుంది. చలికి కిటికీలన్నీ మూసుకునే ఈ రోజుల్లోనే ఆ ప్రమాదం ఎక్కువ. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినకు.

ఇక లేపడం. వంటింట్లోంచి "లేవండి, లేవండి" అని కేకలేస్తే పిల్లలు లేవరు, నీ గొంతే పోతుంది. ముందు గదిలో లైటు వెయ్యి, ఫ్యాన్ ఆపు. తర్వాత మంచం మీద కూర్చుని రెండు నిమిషాలు పాదాలు రుద్దు. చలికాలంలో పిల్లల పాదాలే ముందు చల్లబడతాయి, అవి వెచ్చబడితే మనిషి మెల్లగా కదులుతాడు. దుప్పట్లోనే సాక్సులు తొడిగెయ్, గచ్చు మీద కాలు పెట్టడానికి మారాం చెయ్యరు. యూనిఫాం చొక్కా తొడిగే ముందు లోపలివైపు ఒకసారి ఇస్త్రీపెట్టె రాసి, ఆ వెచ్చదనం మీదే తొడుగు. చిన్నవాడు తనంతట తనే చేతులు చాస్తాడు, చూడు.

పెందరాళే లేవాలంటే పెందరాళే పడుకోవాలి. ఈ వయసు పిల్లలకి కనీసం తొమ్మిది, పది గంటల నిద్ర కావాలి. ఆరింటికి లేపాలంటే ఎనిమిదిన్నరకల్లా పక్క ఎక్కించాలి. మీ ఇద్దరూ ఆఫీసు నుంచి వచ్చేసరికే ఏడున్నర, అది నాకు తెలుసు. అయినా చెబుతున్నాను, వాళ్ల అన్నాలు మీకోసం ఆపొద్దు. అత్తగారు ఏడింటికి పెట్టేస్తే, మీరొచ్చాక కాసేపు కబుర్లు చెప్పి పడుకోబెట్టొచ్చు.

రాత్రి తయారీలో మనవాళ్లు మరిచిపోయేవి రెండున్నాయి. ఒకటి సాక్సులు. డిసెంబరులో పొద్దున ఉతికినవి సాయంత్రానికి ఆరవు, అందుకే ఒక్కొక్కరికి నాలుగైదు జతలు ఉంచు, తడివి రాత్రి ఫ్యాన్ కింద ఆరెయ్. రెండోది కొబ్బరినూనె. ఇక్కడి చలికి సీసాలో గడ్డకట్టి, పొద్దున్నే దాన్ని కరిగించేసరికే పది నిమిషాలు పోతాయి. ఈ రెండు నెలలు నువ్వుల నూనె వాడు, అది గడ్డకట్టదు. పెద్దదానికి రాత్రే చిక్కు తీసి వదులుగా అల్లి ఉంచితే పొద్దున్న రెండు జడలూ త్వరగా అయిపోతాయి.

స్వెట్టర్ కింద పొడుగు చేతుల నూలు బనియన్ వెయ్యి, ఉన్ని ఒంటికి గుచ్చుకోదు. అలాగని మూడు నాలుగు బట్టలు తొడిగి మూటలా కట్టి పంపకు. పొద్దున్న పదహారు డిగ్రీలున్న ఊర్లో మధ్యాహ్నం ఇరవై ఏడుంటుంది, చెమటకు లోపలి బట్టలు తడిసి ఇబ్బంది పడతారు. ఎండ రాగానే స్వెట్టర్ తీసి సంచిలో పెట్టుకోవడం ఇంట్లోనే నేర్పు. బళ్లో అందరి స్వెట్టర్లూ ఒకే రంగు కదా, కాలరు లోపల పేరు దారంతో కుట్టు, పెన్నుతో రాస్తే రెండు ఉతుకులకే పోతుంది. చెవులు మూసే టోపీ బస్సు ఎక్కేదాకా చాలు.

టిఫిన్ గురించి ఎక్కువ టెన్షన్ పడకు. చలికి దోసెల పిండి పొంగదు, మధ్యాహ్నమే రుబ్బి వెచ్చని చోట పెడితేగాని మర్నాటికి పులవదు. పెసరట్టుకి పులియడంతో పనే లేదు, రాత్రి నానబెట్టి పొద్దున్న రుబ్బుకుంటే సరి. పిల్లలు లేవగానే ఏదీ తినరు, అందుకని ముందు గ్లాసుడు రాగి జావ వేడిగా ఇవ్వు, బట్టలేసుకున్నాక అట్టు తింటారు. ఇప్పుడు మార్కెట్టు నిండా అవరెకాయలే, అంటే గింజల కోసం వలుచుకునే ఒక రకం చిక్కుళ్లు. ఇక్కడివాళ్లు వాటి గింజలతో చేసే ఉప్మా ఒకసారి చేసి చూడు. ఆదివారం గింజలు వలిచే పని పిల్లలకే అప్పగించు.

అల్లుడి గురించి కూడా ఓ మాట. పొద్దున్న పనంతా నీ ఒక్కదాని మీదే పడుతోందని నీ గొంతులోనే తెలిసింది. బూట్లు, సంచులు, నీళ్ల సీసాలు, బస్సు దాకా దింపడం అతనికి అప్పజెప్పు. అడిగితే కాదనే మనిషి కాదు. అప్పజెప్పాక మధ్యలో మాత్రం నువ్వు వెళ్లి సర్దకు.

జ్వరం ఉన్న రోజు పంపకు, అటెండెన్స్ కోసం అసలే పంపకు. చిన్నవాడికి పిల్లికూతలు వస్తున్నాయన్నావు. పొడి చలిగాలికి అలాంటి పిల్లలకి ఇబ్బంది పెరుగుతుంది. డాక్టరు ఇన్హేలర్ రాస్తే భయపడి ఆపకండి, అలవాటైపోతుందని ఎవరు చెప్పినా వినకండి. దాన్ని బళ్లో టీచరుకు కూడా చూపించి ఉంచు.

ఈ వారం ముందు స్నానాలొక్కటే మార్చి చూడు, మిగతావి ఒక్కొక్కటే కలుపుకో. చిన్నవాడికి నేను స్వెట్టర్ అల్లుతున్నాను, బడి రంగు నీలమా బూడిదా రాయి, ఛాతీ కొలత కూడా పంపు. కాస్త వదులుగా అల్లితే వచ్చే ఏడాదికీ వస్తుంది.

ఇట్లు,
మీ పిన్ని