మామూలు ఆయిలే పోయించండి, కానీ గంటలు లెక్కపెట్టి

ఒకరు అడిగింది ఇది: 2014 వ్యాగనార్ పెట్రోల్, ఇంట్లో ఒక స్ప్లెండర్. రోజూ ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి కారులోనే. మెకానిక్ సింథటిక్ పోయిద్దాం అంటున్నాడు, రేటు రెండింతల పైన ఉంది. మామూలు ఆయిల్ పోస్తే ఇంజన్ పాడవుతుందా?

పాడవదు. ఇంజన్‌ను తినేది మామూలు ఆయిల్ కాదు, మార్చాల్సిన రోజు దాటిపోయినా చాంబర్‌లోనే ఉన్న ఆయిల్. అది సింథటిక్ అయినా అంతే.

ముందు మీటరు సంగతి. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ఆఫీసు టైంలో గంట దాటుతుంది. అంటే సగటు వేగం గంటకు 20 కిలోమీటర్లు అనుకోవచ్చు. ఆ లెక్కన 5,000 కిలోమీటర్లు తిరిగేసరికి ఇంజన్ 250 గంటలు నడిచినట్టు. అదే 5,000 విజయవాడ హైవే మీద 60లో పోతే 83 గంటలు. మీటరు మీద అంకె ఒకటే, ఆయిల్ పడ్డ కష్టం మూడింతలు. దారిలో ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడ్డ పది నిమిషాలు మీటరుకు ఎక్కవు, ఆయిల్‌కు మాత్రం ఎక్కుతాయి. సర్వీస్ పుస్తకంలో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉంటుంది కదా, అది మామూలు నడకకు. ఆగుతూ సాగుతూ నడిచే బండికి, దుమ్ములో తిరిగే బండికి ఆ గడువు తగ్గించాలని అదే పుస్తకంలో ఇంకో పేజీలో ఉంటుంది. ఆ పేజీ ఎవరూ తిప్పరు. హైదరాబాద్‌లో ఆఫీసుకు తిరిగే ప్రతి కారుకూ వర్తించేది ఆ పేజీయే.

ఇప్పుడు డబ్బు లెక్క. మీ ఇంజన్‌కు ఫిల్టరుతో కలిపి మూడు లీటర్లకు కాస్త అటూ ఇటూ పడుతుంది. మామూలు ఆయిల్ లీటరు 350, సింథటిక్ 800, ఫిల్టరు 150 అనుకుందాం. మామూలుదైతే ఒకసారికి 1,200; అయిదు వేలకోసారి మారిస్తే పది వేల కిలోమీటర్లకు 2,400. సింథటిక్ పోసి పది వేలు లాగితే 2,550. ఖర్చు దాదాపు సమానం. కానీ మొదటి దారిలో రెండుసార్లు మురికి బయటికి పోతుంది, రెండుసార్లు కొత్త ఫిల్టరు పడుతుంది. నేనైతే కళ్లు మూసుకుని మొదటి దారే చెబుతాను.

సింథటిక్‌కు గొప్ప లేదని కాదు. చలిలో పలచగా పారుతుంది, వేడికి తొందరగా చెడదు. చలి సంగతి మనకు పనికిరాదు. డబ్బా మీద 5డబ్ల్యూ (5W, చలిలో ఎంత పలచగా పారుతుందో చెప్పే అంకె) అన్న ఆయిల్‌ను పరీక్షించేది మైనస్ 30 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూను మైనస్ 25 దగ్గర. మన డిసెంబరు తెల్లవారుజామున ఉండేది పదో పన్నెండో డిగ్రీలు. ఆ గుణం కోసం సింథటిక్‌కు డబ్బు పెట్టాల్సింది లేహ్‌లో ఉండేవాళ్లు. వేడి సంగతి నిజమే, ట్రాఫిక్‌లో అది అక్కరకొస్తుంది. అయితే ఆయిల్‌లో కలిసే పెట్రోలు, తేమ, మసి, దుమ్ము ఏ ఆయిల్‌లోనైనా ఒకేలా కలుస్తాయి. పెట్రోలు, తేమ కొంతవరకు వేడికి ఆవిరైపోతాయి; మసి, దుమ్ము బయటికి పోవాలంటే మాత్రం ఆయిల్ తీసేయడం ఒక్కటే మార్గం. ఆయిల్ పోసే మూత విప్పి లోపలివైపు చూడండి. పాలెక్కువైన టీ మీద మీగడలా జిగురు అంటుకుని ఉంటే, దగ్గర దగ్గర తిరుగుళ్ల వల్ల ఇంజన్ పూర్తిగా వేడెక్కక తేమ పేరుకుందని అర్థం. తుడిచేసి, వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట నడిపితే పోతుంది. పోకుండా మళ్లీ మళ్లీ వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు కూడా తగ్గుతుంటే అది హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే సీలు) గొడవ అయ్యుండొచ్చు, ఆయిల్ మార్చినంత మాత్రాన తీరదు.

డబ్బా మీద పెద్దక్షరాల్ని నమ్మకండి. సింథటిక్ అని అమ్మే వాటిలో చాలావరకు క్రూడ్ నుంచే తీసి బాగా శుద్ధి చేసిన గ్రూప్ 3 ఆయిలే. దాన్నీ సింథటిక్ అనొచ్చని 1999లో అమెరికాలో రెండు కంపెనీల ప్రకటనల తగవులో తీర్పు వచ్చింది, ఆ తర్వాత చాలామంది అదే దారి పట్టారు. ఇక సెమీ సింథటిక్ అన్న మాటకైతే ఇంత శాతం కలపాలన్న నియమమే లేదు. చూడాల్సింది వెనకవైపు: గ్రేడు (ఆయిల్ చిక్కదనం), ఏపీఐ రేటింగు (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి నాణ్యత గుర్తు). మీ బండికి 5డబ్ల్యూ-30, ఎస్‌ఎన్ లేదా దానికి పైది ఎస్‌పీ ఉంటే చాలు. ఆ గ్రేడులో అన్నిటికంటే తక్కువ రేటున్న పేరున్న కంపెనీది తీసుకోండి. చౌకగా వస్తోందని 20డబ్ల్యూ-50 మాత్రం పోయనివ్వకండి. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు అంత చిక్కటిది పైకి ఎక్కడానికి ఎక్కువసేపు పడుతుంది.

టర్బో ఇంజన్లు, 0డబ్ల్యూ-20 అడిగే కొత్త కార్లు, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న డీజిళ్లు, వీటికి ఈ లెక్కలేవీ వర్తించవు. మాన్యువల్ ఏది చెబితే అదే పోయాలి.

అసలు ప్రమాదం ఫిల్టరు దగ్గర ఉంది, దీన్ని కాస్త ఓపిగ్గా చదవండి. పాత ఫిల్టరు విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. నల్లటి ఆయిల్‌లో నల్లటి రింగు, కంటికి ఆనదు. హడావుడిలో దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. స్టార్ట్ చేసి షెడ్డులో చూస్తే ఒక్క చుక్క కారదు. రోడ్డెక్కి ఆక్సిలరేటర్ తొక్కగానే ప్రెషర్‌కు ఒక రింగు పక్కకు జారుతుంది, అక్కడి నుంచి ఆయిల్ చిమ్ముతుంది. మూడు లీటర్లు ఖాళీ కావడానికి నిమిషాలు చాలు. ఎర్ర లైటు వెలిగేది ఆయిల్ తగ్గినప్పుడు కాదు, ప్రెషర్ పడిపోయాక. అప్పుడు కూడా ముందు యూటర్న్ దాకా పోదాం అనుకుంటే బేరింగులు పోయి టకటక మొదలవుతుంది. అందుకే పాత ఫిల్టరు చేతిలోకి తీసుకుని దాని రింగు దానికే ఉందో లేదో చూడండి. లేకపోతే ఇంజన్ మీద వేలు పెట్టి గుండ్రంగా తడమండి. కొత్త రింగుకు వేలితో ఆయిల్ రాసి, చేత్తో బిగించి, రింగు తగిలాక ముప్పావు చుట్టు తిప్పితే సరి. పానా పెట్టి బలంగా బిగిస్తే మళ్లీ విప్పేటప్పుడు నలుగుతుంది.

డ్రెయిన్ బోల్టు వాషరు ప్రతిసారీ కొత్తది వేయించండి. ఇంజన్ అయిదు నిమిషాలు నడిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు దించాలి. ధార సన్నబడి, చుక్కలుగా మారి, ఆ చుక్కలు కూడా ఆగేదాకా పావుగంట ఆగమనండి. కొన్ని షెడ్లలో ఫ్లషింగ్ పేరుతో కిరోసిన్ పోసి ఇంజన్ తిప్పుతారు, దానికి బిల్లు కూడా వేస్తారు. ఒప్పుకోకండి. కిరోసిన్‌కు జిడ్డు ఉండదు, బేరింగు మీద పొర నిలవదు. దించినా కొంత లోపలే మిగిలి కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. కొత్త ఆయిల్ వెయ్యి కిలోమీటర్లకే నల్లబడిందని కంగారూ వద్దు. మురికిని పట్టుకుంటోంది కాబట్టే నల్లబడుతోంది.

స్ప్లెండర్‌కు 10డబ్ల్యూ-30, డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో మునిగే క్లచ్ ఉన్న బైకులకు జపాన్ ప్రమాణం ఇచ్చే గుర్తు) అని ఉండాలి. క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, కారు ఆయిల్ మిగిలింది కదా అని పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. ఎంబీ అని ఉంటే అది యాక్టివా లాంటి స్కూటర్లకు. మూడు వేలకోసారి మామూలుదే మార్చండి, ఈ బండికి సింథటిక్ దండగ. 900 మిల్లీలీటర్ల ప్యాక్ కొనండి. లీటరు డబ్బా తెస్తే మెకానిక్ మొత్తం వంచేస్తాడు. ఎక్కువైతే నురగ కట్టి, బ్రీదర్ పైపు గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి వస్తుంది. సెంటర్ స్టాండ్ వేసి, గేజి తుడిచి, మరలు తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. తిప్పి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.

ఎక్కడ కొనాలంటే, ప్రభుత్వ కంపెనీల పెట్రోలు బంకుల్లో సర్వో, మాక్ లాంటివి బిల్లుతో దొరుకుతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా పోగలిగితే ఎమ్మార్పీ మీద తగ్గిస్తారు. సీలు మీ ముందే తీయించండి. ఖాళీ డబ్బాను షెడ్డులో వదలకండి, అది మళ్లీ నిండి ఇంకొకరి బండిలోకి పోవచ్చు. స్క్రూడ్రైవర్‌తో రెండు చిల్లులు పొడిచి పారేయండి.